వందకు రెండు పాళ్ళు: గ్రాఫీన్‌తో వెలుగును పట్టడం

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. నా చేతిలో ఉన్నది మామూలు టీవీ రిమోట్. దీని ముందు కొసన చిన్న బుడిపె ఉంది కదా, ఇప్పుడు బటన్ నొక్కుతున్నాను. ఆ బుడిపెలోంచి వెలుగు వస్తోంది, కానీ మీకేమీ కనబడడం లేదు. ఇప్పుడు మీ ఫోన్ కెమెరా తెరిచి అందులోంచి చూడండి. సెల్ఫీ కెమెరా అయితే ఇంకా మంచిది, వెనక కెమెరాల్లో చాలావాటికి ఈ వెలుగును ఆపేసే ఫిల్టర్ ఉంటుంది. ఆ, కనబడిందా? లేత ఊదారంగులో మిణుకుమంటోంది కదూ.

రిమోట్ వదిలే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు. మన కన్ను 700 దాటిందంటే చేతులెత్తేస్తుంది. ఫోన్ కెమెరాలో ఉన్నది సిలికాన్, అది 1100 దాకా చూడగలదు. అక్కడితో దాని కథ కూడా కంచికే. ఇంటర్నెట్‌ను దేశాల మధ్య మోసుకెళ్ళే ఆప్టికల్ ఫైబర్‌లో నడిచే కాంతి 1550 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ వెలుగును నేరుగా ఈ కెమెరా మీద వేసినా సిలికాన్‌కు అది కనబడదు. మనకు కిటికీ అద్దం ఎలాగో, ఆ కాంతికి సిలికాన్ అలాగ. దూసుకుపోతుంది.

ఎందుకంటే సిలికాన్‌కు ఒక గడప ఉంది. పుస్తకాల్లో బ్యాండ్ గ్యాప్ అంటారు, నేను గడప అనే అంటాను. అందులో కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్ బయటపడి కరెంటుగా కదలాలంటే 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల గడప దాటాలి (ఎలక్ట్రాన్ వోల్టు అంటే శక్తికి ఒక చిన్న కొలత). దాటించే శక్తి ఫోటాన్, అంటే ఒక్క వెలుగు రేణువు, ఇవ్వాలి. ఏ ఫోటాన్‌కు ఎంత శక్తో తెలుసుకోవడానికి తేలిక లెక్క ఒకటుంది: 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగించండి. 1240 బై 1550 అంటే 0.8. గడప 1.12, చేతిలో ఉన్నది 0.8. రెండు ఫోటాన్లు వస్తే కలిపి 1.6 అవుతుంది కదా అని అడుగుతారు పిల్లలు. మామూలు వెలుగులో అలా పోగుచేసుకోవడం కుదరదు. ఒక్క ఫోటానే ఒక్క దూకులో దాటించాలి.

మరి ఫైబర్ కాంతిని ఇప్పుడు పట్టేది ఎవరు? జెర్మేనియం, ఇండియం గాలియం ఆర్సెనైడ్ లాంటివి. వాటి గడపలు ఇంకా కిందికి ఉంటాయి. ఇంకా దూరం వెళ్ళి, మన ఒంటి వేడి వదిలే పది మైక్రోమీటర్ల దగ్గరి పరారుణ కిరణాలను గట్టిగా పట్టాలంటే మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ అనే పదార్థం వాడతారు. దాని గడప ఎంత కిందికి ఉంటుందంటే, వెలుగే అక్కర్లేదు, గదిలోని వేడే ఎలక్ట్రాన్లను దాటించేస్తుంది. అందుకే దాన్ని ద్రవ నైట్రోజన్ చలిలో, 77 కెల్విన్ (మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) దగ్గర, పెట్టి వాడడం రివాజు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గడప తగ్గించుకుంటూ పోతే ఎక్కువ చూస్తాం, కానీ ఎక్కువ గోల కూడా వింటాం. అసలు గడపే లేని పదార్థం ఒకటి ఉంటే ఏమవుతుందన్నది ఇవాళ్టి విషయం.

ఆ పదార్థం మీ అందరికీ తెలిసిందే. పెన్సిల్ ముల్లు గ్రాఫైట్. గ్రాఫైట్ అంటే కార్బన్ పొరల దొంతర. ఒక మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలు. వాటిలో ఒక్క పొర పేరు గ్రాఫీన్. దాన్ని విడదీసి చూపించింది 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ బృందం. వాడిన పరికరం మామూలు అంటుకునే టేపు. గ్రాఫైట్ ముక్క మీద టేపు అంటించి లాగడం, ఆ టేపును మడిచి మళ్ళీ లాగడం. లాగిన ప్రతిసారీ పొరలు చీలి పల్చబడతాయి. చివరికి టేపును సిలికాన్ పలక మీద నొక్కి తీస్తే అక్కడక్కడా ఒంటి పొర మిగులుతుంది. 2010లో ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఈ పని నేనూ నెలల తరబడి చేశాను. టేపు లాగడం తేలికే. దొరికిందేదో పోల్చుకోవడమే అసలు పరీక్ష. పలక మీద 300 నానోమీటర్ల ఆక్సైడ్ పూత ఉంటుంది, మైక్రోస్కోప్‌లో అది ఊదారంగులో కనబడుతుంది. దాని మీద మందపాటి గ్రాఫైట్ ముక్కలు పసుపుగా, నీలంగా మెరుస్తూ కంటికి ఇంపుగా ఉంటాయి. అవన్నీ పనికిరానివి. మనకు కావలసింది ఆ ఊదా మీద ఇంకాస్త ముదురు ఊదా నీడ, ఉందా లేదా అని అనుమానం వచ్చేంత పల్చగా. మొదటి వారం నాకు అది ఎక్కడా కనబడలేదు. నెల తిరిగేసరికి పైకప్పు మీది తేమ మరకల్లో కూడా అదే కనబడేది.

ఆ పల్చని నీడ వెనక గొప్ప సంగతి ఒకటుంది. 2008లో మాంచెస్టర్ బృందమే కొలిచి చూపించింది: ఒక్క పొర గ్రాఫీన్ తన మీద పడిన వెలుగులో 2.3 శాతం మింగుతుంది. రెండు పొరలైతే 4.6. ఈ 2.3 ఎక్కడినుంచి వచ్చింది? కాంతికీ ఎలక్ట్రాన్‌కూ మధ్య బంధం ఎంత గట్టిదో చెప్పే స్థిరాంకం ఒకటి ప్రకృతిలో ఉంది, విలువ సుమారు 137లో ఒక వంతు. దాన్ని పై (π), అంటే 3.14తో గుణించండి, 0.023. అంతే! కార్బన్ బంధం పొడవు లేదు, రంగు లేదు, ఇంకే వివరమూ లేదు. ఎర్రటి కాంతి అయినా, ఫైబర్‌లోని 1550 అయినా అదే 2.3. గడప లేదు కాబట్టి ఎవరినీ కాదనదు. ఒంటినిండా కళ్ళే.

ఇది ఎక్కువా తక్కువా అని అడిగితే రెండూ నిజమే. ఎర్రటి కాంతిని మింగడానికి సిలికాన్‌కు కొన్ని మైక్రోమీటర్ల మందం కావాలి. గ్రాఫీన్ అంత పల్చటి సిలికాన్ పొరను ఊహించుకుంటే అది మింగేది వందో వంతు శాతం. అంటే మందానికి మందం చూస్తే గ్రాఫీన్ మహా ఆకలిగలది. కానీ మందానికి మందం చూసుకుని ఏం లాభం? పని జరగాల్సినప్పుడు వందలో 97 ఫోటాన్లు పొరలోంచి జారిపోతున్నాయి. గ్రాఫీన్ డిటెక్టర్ల మీద గత పదిహేనేళ్ళకు పైగా జరిగిన పనంతా ఈ జారిపోయిన 97 కోసమే అంటాను నేను. ప్రతి ఉపాయమూ వాటిలో కొన్నింటిని వెనక్కి తెచ్చింది, లేదా దొరికిన రెండింటినే గట్టిగా వాడుకుంది. ఏదీ ఊరికే రాలేదు, బదులుగా ఏదో ఒకటి ఇచ్చుకోవలసి వచ్చింది.

మొదటి అడుగు ఐబీఎం పరిశోధనశాలది. 2009లో ఫెంగ్నియాన్ షియా, ఫేడన్ అవౌరిస్ బృందం గ్రాఫీన్ ముక్కకు కరెంటు అందుకునే లోహపు కాళ్ళు పెట్టి, సెకనుకు 4000 కోట్ల సార్లు, అంటే 40 గిగాహెర్ట్జ్ వేగంతో కొట్టుకునే కాంతిని పంపారు. డిటెక్టర్ ఎక్కడా తడబడలేదు. మరుసటి ఏడాది అదే జట్టు సెకనుకు 10 గిగాబిట్ల డేటాను దాంతో అందుకుంది. వేగం అద్భుతం. సున్నితత్వం, అంటే పడిన వెలుగుకు వచ్చే కరెంటు, మాత్రం వాట్‌కు 6.1 మిల్లీఆంపియర్లు. వచ్చిన ప్రతి ఫోటాన్‌కూ ఒక ఎలక్ట్రాన్ ఇచ్చే ఆదర్శ డిటెక్టర్ ఉంటే, 1550 దగ్గర అది వాట్‌కు 1.25 ఆంపియర్లు ఇస్తుంది. పోల్చి చూస్తే ఇది అర శాతం. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నవాళ్ళు ఆ రోజుల్లో చాలామందే.

సరిగ్గా రెండేళ్ళకు, 2012లో, బార్సిలోనాలోని ఐసీఎఫ్ఓ సంస్థ నుంచి కాన్‌స్టాంటాటోస్, కోపెన్స్ బృందం ఒక అంకె ప్రకటించింది: వాట్‌కు కోటి ఆంపియర్లు! 6.1 మిల్లీఆంపియర్ల నుంచి కోటి ఆంపియర్లకు. ఇక్కడే కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఈ రంగంలో జనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

వాళ్ళు చేసింది తెలివైన పని. వెలుగు పట్టే బాధ్యత గ్రాఫీన్‌కు ఇవ్వనే లేదు. దాని మీద లెడ్ సల్ఫైడ్ క్వాంటమ్ డాట్స్ పూత పూశారు. ఇవి కొన్ని నానోమీటర్ల రేణువులు, పరారుణ కాంతిని బాగా పీల్చుకుంటాయి. ఫోటాన్ పడగానే రేణువులో ఒక ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసిన చోట ఒక హోల్ పుడతాయి. హోల్ కిందికి దిగి గ్రాఫీన్‌లోకి వెళ్ళిపోతుంది. ఎలక్ట్రాన్ రేణువులో చిక్కుకుని కూర్చుంటుంది. అలా కూర్చున్నంతసేపూ కింద గ్రాఫీన్‌లో అదనపు హోల్ ఒకటి ప్రవహిస్తూనే ఉండాలి, విద్యుత్ లెక్క సరిపోవాలి కదా. గ్రాఫీన్‌లో ప్రయాణం మహా వేగం. హోల్ ఒక కాలి దగ్గర బయటికి వెళితే, రెండో కాలి దగ్గర ఇంకొకటి లోపలికి వస్తుంది. ఎలక్ట్రాన్ చిక్కుకున్న కాలంలో ఈ రాకపోకలు కోట్ల సార్లు జరుగుతాయి. ఒక్క ఫోటాన్‌కు పది కోట్ల దాకా ఎలక్ట్రాన్ల కరెంటు వచ్చిందని వాళ్ళ లెక్క.

మరి ఇచ్చుకున్నదేమిటి? చిక్కుకున్న ఎలక్ట్రాన్ విడుదలయ్యేదాకా డిటెక్టర్‌కు వెలుగు ఆరిన సంగతి తెలియదు. అది మిల్లీసెకన్ల పని. సెకనుకు వేల కోట్ల సార్లు కొట్టుకునే గ్రాఫీన్ ఇప్పుడు సెకనుకు వంద సార్లు కొట్టుకోవడానికి ఆపసోపాలు పడుతోంది. లాభం ఎంత పెరిగితే వేగం అంత తగ్గుతుంది, ఎందుకంటే రెండూ ఆ చిక్కుకున్న సమయం మీదే ఆధారపడ్డాయి. ఇంకో మెలిక కూడా ఉంది. వాట్‌కు కోటి ఆంపియర్లంటే, ఒక వాట్ వెలుగు వేస్తే కోటి ఆంపియర్లు వస్తాయని కాదు, వస్తే భవనమే తగలబడుతుంది. (నవ్వులు) అతి మసక వెలుగులో వచ్చిన చిన్న కరెంటును ఇంకా చిన్న వాట్ల సంఖ్యతో భాగించగా వచ్చిన అంకె అది. వెలుగు పెంచితే చిక్కుకునే చోట్లు నిండిపోతాయి, అంకె జారిపోతుంది. మసక వెలుగు ఫోటోకు ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే కెమెరాకు సెకనుకు ముప్పై బొమ్మలు చాలు. ఫైబర్ చివర పెడితే మాత్రం పనికిరాదు. కాబట్టి ఎవరైనా మీకు సున్నితత్వం అంకె ఒక్కటే చెబితే, వేగం ఎంత అని అడగండి. వేగం చెబితే సున్నితత్వం అడగండి. రెండూ చెప్పేశారంటే, ఎంత వెలుగు దగ్గర కొలిచారని అడగండి.

ఈ జాగ్రత్త నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. మొదట్లో ఒకసారి నా డిటెక్టర్ మీద ఎర్ర లేజర్ వేస్తే సిగ్నల్ ఎగిసిపడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పేపర్‌కు శీర్షిక కూడా రాసేసుకున్నాను. మర్నాడు ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన గ్రాఫ్ చూసి ఏమీ అనలేదు, "లేజర్ మార్చి 1550 వేసి చూడు" అన్నారంతే. వేశాను. సిగ్నల్ మాయం. జరిగిందేమిటంటే, ఎర్ర వెలుగులో 97 శాతం గ్రాఫీన్ దాటి, ఆక్సైడ్ దాటి, అడుగున ఉన్న సిలికాన్‌లోకి వెళ్ళింది. సిలికాన్ దాన్ని శుభ్రంగా పీల్చుకుంది. అక్కడ పుట్టిన విద్యుదావేశం ఆక్సైడ్ కింద పేరుకుని, పైనున్న గ్రాఫీన్‌ను కదిలించింది. వెలుగును చూసింది సిలికాన్, పేరు కొట్టేయబోయింది గ్రాఫీన్. 1550 సిలికాన్‌కు కనబడదు కాబట్టి నాటకం అక్కడితో ఆగిపోయింది. ఇప్పటికీ ఎవరి పేపర్‌లోనైనా ఒకే రంగు లేజర్‌తో కొలిచిన అంకెలుంటే నాకు టెన్షన్ వస్తుంది.

సరే, వేగం పోగొట్టుకోకుండా ఆ 97ని పట్టడం ఎలా? ఒక దారి, వెలుగును నిట్టనిలువుగా పడనివ్వకుండా గ్రాఫీన్ వెంట నడిపించడం. సిలికాన్ 1550కి కిటికీ అద్దంలాంటిదని చెప్పాను కదా. ఆ లోపమే ఇక్కడ వరం. అర మైక్రోమీటరు వెడల్పున్న సిలికాన్ కాలవ చెక్కితే కాంతి అందులో నీళ్ళలా పారుతుంది, దాన్నే వేవ్‌గైడ్ అంటారు. కాలవ పైన గ్రాఫీన్ కప్పితే, పారుతున్న కాంతి అంచు పొడుగునా దాన్ని రాసుకుంటూ పోతుంది. ఒక్కసారి దాటితే 2.3 శాతమే, కానీ పదుల మైక్రోమీటర్లు రాసుకుంటూ పోతే చాలావరకు మింగేస్తుంది. 2013లో కొలంబియా-ఎంఐటీ, వియన్నా, హాంకాంగ్ బృందాలు దాదాపు ఒకేసారి ఇలాంటివి చేసి చూపించాయి. వాటిలో ఒకటి వాట్‌కు 0.1 ఆంపియర్ దాకా వెళ్ళింది, ఐబీఎం అంకెకు పదిహేను రెట్లకు పైనే. ఇక్కడ ఇచ్చుకున్నది చోటు. పైగా లోహపు కాలును కాలవకు దగ్గరగా తెస్తే కాంతిలో కొంత ఆ లోహమే తినేస్తుంది, దూరంగా పెడితే కరెంటు చేరేలోపే సద్దుమణుగుతుంది. ఆ మధ్య దూరం కుదర్చడానికే కొందరి పీహెచ్‌డీలు గడిచిపోయాయి.

ఇంకో దారి నాకు చాలా ఇష్టమైనది, వేడి దారి. వెలుగును వేడిగా కొలవడం పాత ఆలోచనే. శామ్యూల్ లాంగ్లీ 1880 ప్రాంతంలో పల్చటి లోహపు పట్టీ వేడెక్కితే దాని నిరోధం మారడాన్ని కొలిచి బోలోమీటర్ తయారుచేశాడు. వేడి దారి అంటే నిదానం అని అందరి అభిప్రాయం, ఎందుకంటే వస్తువు మొత్తం వేడెక్కాలి, మళ్ళీ చల్లారాలి. గ్రాఫీన్‌లో వస్తువు వేడెక్కదు, ఎలక్ట్రాన్లు మాత్రమే వేడెక్కుతాయి. ఫోటాన్ తగిలిన ఎలక్ట్రాన్ తన శక్తిని పక్కవాళ్ళకు పంచేయడం పదుల ఫెమ్టోసెకన్లలో అయిపోతుంది. కార్బన్ పరమాణువుల జాలానికి ఆ వేడి అందాలంటే పికోసెకన్లు పడుతుంది (పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు, సెకనులో లక్ష కోట్లో వంతు). ఆ కాసేపు ఒకే పొరలో రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి, జాలం చల్లగానూ ఎలక్ట్రాన్లు కాగుతూనూ. వాటి వేడి సామర్థ్యం ఎంత తక్కువంటే పిసరంత వెలుగుకే ఉష్ణోగ్రత ఎగబాకుతుంది.

ఆ వేడిని వోల్టేజీగా మార్చడానికి 2011లో ఎంఐటీ బృందం చక్కటి కిటుకు చూపించింది. గ్రాఫీన్‌కు కింద ఒకటి, పైన ఒకటి గేట్లు, అంటే వోల్టేజీ ఇచ్చే పలకలు, పెట్టి, ఒక సగంలో ఎలక్ట్రాన్లు, రెండో సగంలో హోల్స్ ఎక్కువుండేలా చేశారు. ఆ సరిహద్దు మీద వెలుగు పడితే వేడి ఎలక్ట్రాన్లు వోల్టేజీ పుట్టిస్తాయి. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడిచేస్తే వోల్టేజీ వచ్చే థర్మోకపుల్ లాగానే. దీని అసలు అందం ఏమిటంటే, బయటినుంచి కరెంటు తోయక్కర్లేదు. గడప లేని పదార్థంలో కరెంటు తోస్తే, వెలుగు లేకపోయినా అది పారుతూనే ఉంటుంది, దాన్నే డార్క్ కరెంట్ అంటాం. గ్రాఫీన్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు అది. తోయడమే మానేస్తే జబ్బు లేదు. ఇప్పుడు వేగవంతమైన గ్రాఫీన్ డిటెక్టర్లలో చాలా భాగం ఈ బాట పట్టడానికి కారణం ఇదే.

వేగం మాట వచ్చింది కాబట్టి, 2023లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ బృందం ఫలితం చెప్పి తీరాలి. గ్రాఫీన్ మీద వెలుగుకు తగ్గ కొలతల్లో చిన్న చిన్న లోహపు నమూనాలు పేర్చారు, ఒక్కొక్కటీ కాంతికి యాంటెన్నా లాంటిది. దారిన పోయే కాంతిని అవి పోగుచేసి గ్రాఫీన్ మీదికి నెట్టాయి. ఫలితంగా 500 గిగాహెర్ట్జ్ దాకా డిటెక్టర్ నిలబడింది. ఆ పైన ఆగింది డిటెక్టర్ కాదు, కొలిచే పరికరాలు. పైగా ఇది 1400 నుంచి 4200 నానోమీటర్ల దాకా ఒకే పరికరం. ఐబీఎం రోజుల్లో కాగితం మీద లెక్కగా ఉన్న వేగం కొలతలోకి రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

వేడి ఎలక్ట్రాన్ల కథకు రెండో కొస కూడా ఉంది, గడ్డకట్టే చలిది. ఇందాక చెప్పిన వేడి సామర్థ్యం, చల్లబరిచేకొద్దీ ఇంకా తగ్గిపోతుంది. 2020లో ఒక బృందం గ్రాఫీన్‌ను రెండు సూపర్‌కండక్టర్ల (నిరోధమే లేకుండా కరెంటు పారే పదార్థాల) మధ్య వంతెనగా పెట్టి, 0.19 కెల్విన్ దగ్గర మైక్రోవేవ్‌లను కొలిచింది. అంటే మన వైఫై వాడే తరహా తరంగాలు. వాటి ఒక్కో ఫోటాన్ శక్తి కంటికి కనిపించే ఫోటాన్ శక్తిలో దాదాపు లక్షో వంతే. ఆ కాస్త వేడికే వంతెన మీది సూపర్ కరెంటు తెగి వోల్టేజీ కనిపిస్తుంది. అలాంటి వంతెనతోనే 2021లో పరారుణ ఫోటాన్లను ఒక్కొక్కటిగా పట్టారు. ఇది జేబులో పెట్టుకునే వస్తువు కాదు లెండి. క్వాంటమ్ కంప్యూటర్ల పక్కన, అప్పటికే అంత చలి ఉన్న చోట, దీనికి పని ఉంది.

చివరగా తయారీ గురించి రెండు మాటలు. టేపుతో తీసిన ముక్కలు వెంట్రుక మందమంత ఉంటాయి, వాటితో కెమెరా కాదు. పెద్ద పొర కావాలంటే రాగి రేకును దాదాపు 1000 డిగ్రీలకు కాల్చి మీథేన్ వాయువు పంపిస్తారు. మీథేన్ విడిపోయి కార్బన్ రేకు మీద ఒంటి పొరగా పరుచుకుంటుంది. ఆ వేడికి చిప్ బతకదు కాబట్టి నేరుగా చిప్ మీద పెంచలేం. పొర మీద ప్లాస్టిక్ పూత పూసి, రాగిని రసాయనంలో కరిగించేస్తే, పల్చటి పొర నీటి మీద తేలుతుంది. దాని కిందికి చిప్‌ను వాలుగా దింపి మెల్లగా పైకెత్తాలి. చేయి కాస్త వణికిందా, పొర మడత పడుతుంది, మడతలో నీటిబొట్టు ఉండిపోతుంది, ఆరాక అక్కడే చిరుగుతుంది. పూత కడిగినా అంతా పోదు, ఆ జిగురు మరకలు ఎలక్ట్రాన్లకు గతుకుల రోడ్డు. ఇంత అవస్థలోనూ 2017లో బార్సిలోనా వాళ్ళు మామూలు సిలికాన్ చిప్ మీద గ్రాఫీన్, క్వాంటమ్ డాట్స్ వేసి 388 బై 288 పిక్సెళ్ళ కెమెరా చేశారు. అంటే లక్షా పదకొండు వేల పైచిలుకు కళ్ళు, 300 నుంచి 2000 నానోమీటర్ల దాకా చూసేవి. ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరాలో రెండు వేర్వేరు చిప్‌లను పిక్సెల్‌కో లోహపు బొట్టు చొప్పున అతకాలి. ఇక్కడ ఒకదాని మీద ఒకటి పరవడమే. నా అభిప్రాయంలో ఆ పేపర్ విలువ రికార్డు అంకెల్లో లేదు, ఈ పరవడంలో ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: ఇది మా ఫోన్ కెమెరాలోకి ఎప్పుడొస్తుంది మేడమ్?)

ఫోటోల కోసమైతే రానక్కర్లేదండీ. కంటికి కనబడే వెలుగులో సిలికాన్‌తో పోటీపడడం దండగ, అది అక్కడ రాజు. సిలికాన్ గుడ్డిదయ్యే చోట, 1100 దాటాకే గ్రాఫీన్ మాట. డేటా సెంటర్ల లోపల చిప్ నుంచి చిప్‌కు కాంతిని పంపే చోట జెర్మేనియంతో పోటీ ఉంది, జెర్మేనియం కూడా ఊరికే కూర్చోలేదు.

(ఒక విద్యార్థిని: టేపుతో ఇంట్లో గ్రాఫీన్ తీయొచ్చా మేడమ్?)

తీయడం ఈ రాత్రికే తీయొచ్చమ్మా. పెన్సిల్ ముల్లు కన్నా గ్రాఫైట్ రేకులు దొరికితే మంచిది, పెన్సిల్‌లో బంకమన్ను కలుస్తుంది. చూడ్డానికే ఇబ్బంది. మామూలు గాజు పలక మీద ఆ 2.3 శాతం నీడ దాదాపు కనబడదు. ఆక్సైడ్ పూత ఉన్న సిలికాన్ ముక్క ఒకటి సంపాదించు. మైక్రోస్కోప్‌లో ముందు అంచులు వెతుకు, మెరిసే పెద్ద ముక్కల పక్కన అంటుకుని ఉంటుంది చాలాసార్లు. మొదటి వారం దొరక్కపోతే కంగారుపడకు.